రాజీనామాకు ముందు రావలసిన జవాబు

ప్రజాజీవితంలో నైతిక బాధ్యత అనగానే మన దేశంలో మొదట తలపుకు వచ్చే పేరు లాల్ బహదూర్ శాస్త్రిది. రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రి పదవి వదులుకున్నారన్న కథ బడిపిల్లలకు కూడా తెలుసు. మరీ తెలిసిన కథ కావడం వల్ల దాని వివరాలు మరుగున పడిపోయాయి. 1956 సెప్టెంబరులో, అప్పటికింకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న మహబూబ్‌నగర్ దగ్గర ఒక వంతెన రైలు కింద కూలిపోయి వందమందికి పైగా చనిపోయారు. శాస్త్రి అప్పుడే రాజీనామా ఇచ్చారు, ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరగకముందే, నవంబరు 23న, మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర వరద తాకిడికి మరో వంతెన దెబ్బతిని తూత్తుకుడి వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. నూట నలభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు, ఈసారి అది ఆమోదం పొందింది. ఈ రెండు ప్రమాదాల నడుమనే, నవంబరు 1న, మహబూబ్‌నగర్ కొత్తగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. తొలి రాజీనామాకు కారణమైన ఊరు మనదేనన్న సంగతి తెలుగునాట కూడా ఎక్కువమందికి గుర్తులేదు.

ఈ ఉదంతంలో శాస్త్రి లేఖకంటే నెహ్రూ ఇచ్చిన వివరణ ఎక్కువ విలువైనది. శాస్త్రి గొప్ప నిజాయితీపరుడని, ప్రమాదానికి ఆయన ఏ విధంగానూ కారకుడు కాడని లోక్‌సభలో చెబుతూనే, ఏం జరిగినా పట్టనట్టు పదవుల్లో కొనసాగవచ్చునని ఎవరూ అనుకోకూడదు గనుక, రాజ్యాంగ మర్యాదకు ఒక ఉదాహరణగా నిలవాలని రాజీనామాను ఆమోదిస్తున్నట్టు నెహ్రూ వివరించారు. తప్పు చేసినవాడు శిక్ష అనుభవించడం, తన పదవి కింద జరిగిన పనికి ఒకరు జవాబుదారీగా నిలబడడం రెండూ ఒకటి కావని ఆ వివరణ తేటతెల్లం చేసింది. మొదటిది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. దానికి సాక్ష్యం కావాలి, అనుమానం మిగిలితే నిందితుడికి ఆ లాభం దక్కాలి. రెండోదానికి పదవిలో ఉండడమే చాలు. వంతెన స్తంభాన్ని మంత్రి కట్టలేదు, పరీక్షించనూ లేదు. కానీ దాన్ని పరీక్షించవలసిన యంత్రాంగం ఆయన పేరు మీదనే నడిచింది, దాని గొప్పలను సభలో ఆయనే చెప్పుకున్నాడు, దానికి కావలసిన డబ్బును ఆయనే అడిగాడు. మెప్పు తన ఖాతాలోకి వచ్చే చోట మచ్చ మాత్రం ఇంజనీరు ఖాతాలోకి పోవాలనడం కుదరదు.

ఈ తేడా ఏడాది తిరిగేసరికే గట్టి పరీక్షకు నిలవవలసి వచ్చింది. 1956లో ఏర్పడిన ప్రభుత్వ జీవిత బీమా సంస్థ మరుసటి ఏడాది జూన్‌లో హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారికి చెందిన, ఇబ్బందుల్లో ఉన్న ఆరు కంపెనీల వాటాలను కోటీ ఇరవై నాలుగు లక్షల రూపాయలకు పైగా పెట్టి కొన్నది. ఆ సంగతిని లోక్‌సభలో బయటపెట్టినవాడు ప్రతిపక్ష సభ్యుడు కాడు, సాక్షాత్తూ ప్రధాని అల్లుడైన కాంగ్రెసు సభ్యుడు ఫిరోజ్ గాంధీ. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి.చాగ్లా ఏకసభ్య విచారణ సంఘంగా బహిరంగంగా విచారణ జరిపారు. ఈ లావాదేవీ కార్యదర్శి స్థాయిలో నడిచిందనీ, తాను ఆమోదించలేదనీ ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి వాదించారు. చాగ్లా ఆ వాదనను ఒప్పుకోలేదు. కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగం దృష్టిలో మంత్రే బాధ్యుడని, తన కిందివాడి వెనక దాక్కునే వీలు మంత్రికి లేదని తేల్చారు. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు. అప్పటి ఆర్థిక కార్యదర్శి హెచ్.ఎం.పటేల్ కూడా ఆ ఉదంతంతో ఉద్యోగం విడిచిపెట్టారు. ఆయనే 1977లో దేశానికి ఆర్థికమంత్రి అయ్యారన్నది ఆ కథకు వచ్చిన ఊహించని మలుపు.

శాస్త్రి ఉదంతంలో బాధ్యత తనంతట తానుగా ముందుకు వచ్చింది, ముంధ్రా వ్యవహారంలో దాన్ని బయటివారు లాగవలసి వచ్చింది. ఈ రెండింటికీ భిన్నమైన మూడో ఉదంతం ఆంధ్రప్రదేశ్‌ది. నిజానికి నైతిక బాధ్యత ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి మిగిలిన రెండింటికంటే అదే ఎక్కువ పనికొస్తుంది. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేసే పథకాన్ని సవాలు చేస్తూ ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఏ జిల్లా తరువాత ఏ జిల్లాను తీసుకోవాలో నిపుణుల సంఘం ఒక క్రమాన్ని సూచించగా దాన్ని తలకిందులు చేసి కర్నూలును ముందుకు తెచ్చారని, 1962 ఎన్నికల్లో తమ ప్రత్యర్థి వర్గానికి అండగా నిలిచిన బస్సు యజమానులను దెబ్బతీయడానికే ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఆ పని చేయించారని వారి ఆరోపణ. ఆరోపణలు వివరంగా ఉన్నాయి, కొన్ని ముఖ్యమంత్రికి స్వయంగా తెలిసిన విషయాలకు సంబంధించినవి. వాటిని కాదంటూ ఆయన అఫిడవిట్ వేయలేదు. ఇతరులు వేసిన ప్రమాణపత్రాలు ఆయన మనసులో ఏముందో చెప్పలేవు. ఖండన లేని ఆరోపణను నమ్మక తప్పదని కోర్టు భావించి, దురుద్దేశం ఉందని తేల్చి, పథకాన్ని కొట్టివేసింది. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు, కాసు బ్రహ్మానందరెడ్డి ఆ స్థానంలోకి వచ్చారు.

ఇక్కడ కోర్టు ఏ నేరాన్నీ నిర్ధారించలేదు. శిక్ష లేదు, జరిమానా లేదు, పదవి నుంచి దిగిపొమ్మన్న ఆదేశం అసలే లేదు. ఒక ముఖ్యమంత్రి జవాబు చెప్పవలసిన చోట మౌనంగా ఉండిపోయారన్నది తీర్పు సారాంశం. అంటే రాజీనామా వల్ల తీరిన బాకీ దురుద్దేశానికి సంబంధించింది ఎంతో, చెప్పకుండా ఉండిపోయిన జవాబుకు సంబంధించింది కూడా అంతే. ఆ అఫిడవిట్ వేసి ఉంటే, అందులోని మాటలు నిలబడి ఉంటే, రాజీనామా అవసరమే వచ్చేది కాదేమో. నైతిక బాధ్యతలో మొదటి మెట్టు జవాబు. జవాబు లేనప్పుడో, చెప్పిన జవాబు నిలబడనప్పుడో రాజీనామా ప్రశ్న వస్తుంది. మన చర్చల్లో ఈ వరుస తారుమారై, ప్రమాదం జరిగిన గంటలోపే రాజీనామా డిమాండు పుట్టుకొస్తుంది, జవాబు అడిగేవారు మాత్రం కనిపించరు. కర్నూలు కేసుకు కొన్నేళ్ల ముందు కృష్ణా జిల్లా బస్సు రూట్ల కేసులో ఇదే సుప్రీంకోర్టు మరో లోపాన్ని ఎత్తిచూపింది: అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. విన్నవాడు నిర్ణయించక, నిర్ణయించినవాడు వినకపోతే ఆ విచారణకు అర్థం లేదని కోర్టు అన్నది. పాలనలో జవాబుదారీ ఎక్కడ జారిపోతుందో పట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

1964 జూన్‌లో శాస్త్రి ప్రధాని అయినప్పుడు ఏర్పడిన మంత్రివర్గాన్ని ఈ దృష్టితో చూస్తే ఒక ఆసక్తికరమైన సంగతి కనిపిస్తుంది. ప్రధాని ఎనిమిదేళ్ల కిందట రైల్వే మంత్రిగా రాజీనామా చేసినవారు. ఆర్థికమంత్రి కృష్ణమాచారి ఆరేళ్ల కిందట అదే శాఖనుంచి తప్పుకున్నవారు. ఉక్కు, గనుల మంత్రిగా చేరిన సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదిలి నాలుగు నెలలే అయింది. ఆ కాలపు నాయకులు మనకంటే ఉత్తములన్న మాట తేలిగ్గా చెప్పేస్తారు గాని, దానికంటే నమ్మదగిన కారణం ఇందులో ఉంది. అప్పట్లో రాజీనామాతో రాజకీయ జీవితం ముగిసేది కాదు. ఒకే పార్టీ ఆధిపత్యం ఉన్నందువల్ల, బాధ్యత వహించి వెళ్లినవాడు తిరిగి వచ్చే దారి తెరిచే ఉండేది, ప్రతిపక్షం దాన్ని నేరాంగీకారంగా చూపి ఎన్నికల్లో గెలిచే పరిస్థితి లేదు. దారి మూసుకుపోయాక, రాజీనామా ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టేనన్న భయం వచ్చాక, పదవికి అతుక్కుపోవడమే తెలివైన పని అయింది. తిరిగి రావడానికి వీలున్న చోటే మనిషి వెళ్లడానికి సాహసిస్తాడు. ఈ సంగతి మరచి వ్యక్తుల గుణగణాల మీదే చర్చ నడిపితే పాతకాలపు గొప్పలు చెప్పుకోవడమే మిగులుతుంది.

మంత్రి వెళ్లిపోతే వంతెన గట్టిపడుతుందా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. వెళ్లిపోవడం ఒక్కోసారి సులువైన దారి. విచారణకు సహకరించడం, బాధిత కుటుంబాల ముందు నిలబడడం, శాఖలో ఏం మారిందో ఆరు నెలల తరువాత వచ్చి సభకు చెప్పడం అంతకంటే కష్టమైన పనులు. అందువల్ల రాజీనామా చేయని ప్రతి మంత్రినీ బాధ్యత లేనివాడనడం సరికాదు. అయితే ఈ వాదన చేసేవారు రెండో సగం కూడా చేసి చూపాలి. ఉండిపోవడానికి ‘పనిచేయాలి’ అన్నది కారణమైతే, ఆ పని ఏమిటో, ఎప్పటికి పూర్తవుతుందో, కాకపోతే ఏం చేస్తారో ముందే చెప్పాలి. రైలు ప్రమాదాల మీద రాజీనామాలు శాస్త్రితో ఆగలేదు. 1999 ఆగస్టులో గైసాల్ దగ్గర రెండు రైళ్లు ఢీకొని మూడు వందలమంది వరకు చనిపోయినప్పుడు రైల్వే మంత్రి నీతీశ్ కుమార్ పదవి వదులుకున్నారు. 2023 జూన్‌లో బాలేశ్వర్ దగ్గర సుమారు మూడు వందలమంది చనిపోయినప్పుడు రైల్వే మంత్రి కొనసాగారు. రెండు నిర్ణయాల్లో ఏది సరైనదో రాజీనామాను బట్టి తేలదు, ఆ తరువాత భద్రతా వ్యవస్థలో వచ్చిన మార్పును బట్టి తేలాలి. కానీ మన దగ్గర రాజీనామా పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది, ఆ మార్పును లెక్కపెట్టేవారు ఉండరు.

రాజీనామా ఇచ్చిన ప్రతివారూ నైతిక బాధ్యత వహించారనీ చెప్పలేము. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలిన సాయంత్రమే ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ నైతిక బాధ్యత పేరుతో రాజీనామా చేశారు. సుప్రీంకోర్టుకు ఇచ్చిన హామీని నిలబెట్టుకోనందుకు ఆ తరువాత ధిక్కార నేరం కింద ఆయనకు ఒక రోజు జైలు, రెండు వేల రూపాయల జరిమానా పడ్డాయి. చేయవలసిన పని చేయగలిగిన గంటల్లో చేయకుండా, అంతా అయ్యాక వదిలిన పదవి బాధ్యతను తీర్చదు. 1997లో అరెస్టు ముంగిట్లోకి వచ్చినప్పుడు లాలూ ప్రసాద్ యాదవ్ ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు, ఆ కుర్చీలో ఆయన భార్య రబ్రీదేవి కూర్చున్నారు. ఇక తెలుగునాట రాజీనామా మరో రూపం తీసుకున్నది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమకాలంలో అది నిరసన ఆయుధం. నిజంగా పదవులు వదులుకుని ఉపఎన్నికలకు వెళ్లినవారు ఉన్నారు, పార్టీ అధ్యక్షుడికి లేఖ ఇచ్చి ఊరుకున్నవారూ ఉన్నారు. దాంతో ‘స్పీకర్ ఫార్మాట్‌లో ఇచ్చారా?’, అంటే స్పీకరు ఆమోదించడానికి వీలైన రూపంలో ఇచ్చారా అన్న ప్రశ్న పత్రికల్లో నిత్యం కనిపించేది. ఒక లక్ష్యం కోసం చేసిన ఆ రాజీనామాలకు వాటి న్యాయం వాటికి ఉంది. కానీ రాజీనామా ఇంత విరివిగా వాడుకలోకి వచ్చాక, ‘నా పదవి కింద జరిగిన దానికి నేను జవాబుదారీని’ అని చెప్పే సాధనంగా దానికున్న బరువు తగ్గిపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో కోర్టు వ్యాఖ్యతో పదవి వదిలిన మరో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి. ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు ఆయన ప్రభుత్వం ఇచ్చిన అనుమతులను హైకోర్టు తప్పుపట్టి కొట్టివేసిన తరువాత 1992 అక్టోబరులో ఆయన తప్పుకున్నారు, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీలోని అసమ్మతి అందుకు ఎంత దోహదం చేసిందన్నది వేరే చర్చ. గమనించవలసింది ఏమంటే, కోర్టు చేసిన వ్యాఖ్య ఒక్కటే పదవి వదలడానికి తగిన కారణంగా అప్పటికి ఇంకా చెల్లుతున్నది. ఆ తరువాత మెట్టు మారుతూ వచ్చింది. వ్యాఖ్య చాలదు, కేసు ఉండాలి. కేసు చాలదు, చార్జిషీటు ఉండాలి. చార్జిషీటు కూడా రాజకీయ కక్షేనని, శిక్ష పడితే చూద్దామని. 1996లో, రాజకీయ నాయకులకు అక్రమ మార్గంలో డబ్బు ముట్టిందన్న హవాలా కేసులో అభియోగం రాగానే ఎల్.కె.అద్వానీ లోక్‌సభ సభ్యత్వం వదిలి, నిర్దోషిగా తేలేవరకు పోటీ చేయనని ప్రకటించి ఆ మాట నిలబెట్టుకోవడం ఇప్పుడు మినహాయింపుగా కనిపిస్తున్నదంటే, మెట్టు ఎంత పైకి జరిగిందో అర్థమవుతుంది.

నైతికత ఖాళీ చేసిన చోటికి చట్టం రావడం సహజం. 2013లో లిలీ థామస్ కేసులో, రెండేళ్లకు తగ్గని శిక్ష పడిన చట్టసభ సభ్యుడు ఆ క్షణంనుంచే అనర్హుడని సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో మనోజ్ నరూలా కేసులో ఇంకో ప్రశ్న వచ్చింది: తీవ్రమైన నేరాభియోగాలు ఉన్నవారిని మంత్రులుగా తీసుకోవచ్చునా? రాజ్యాంగంలో లేని అనర్హతను తాము చేర్చలేమంటూనే, అలాంటివారిని తీసుకోకపోవడమే ప్రధాని నుంచి, ముఖ్యమంత్రుల నుంచి రాజ్యాంగం ఆశించేదని, ఆ నిర్ణయాన్ని వారి విజ్ఞతకే వదులుతున్నామని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నైతిక బాధ్యత ఉండవలసిన చోటును ఇంత స్పష్టంగా గీసి చూపిన తీర్పు అరుదు. ఆ విజ్ఞత ఏపాటిదో తరువాతి మంత్రివర్గాలే చెప్పాయి. రాజ్యాంగ నైతికత సహజంగా పుట్టే భావన కాదని, దాన్ని అలవరచుకోవాలని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించినది ఇందుకే.

2025 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన 130వ రాజ్యాంగ సవరణ బిల్లు ఈ దారిలో మరో అడుగు. అయిదేళ్లు లేక అంతకు మించి శిక్ష పడగల నేరాభియోగం మీద ముప్పై రోజులపాటు వరుసగా నిర్బంధంలో ఉన్న ప్రధానిని, ముఖ్యమంత్రిని, మంత్రిని పదవినుంచి తొలగించాలన్నది దాని సారం. జైలునుంచి ప్రభుత్వం నడపడం మీద 2024లో ఢిల్లీలో సాగిన వివాదం దీని వెనక ఉంది. జైల్లో ఉన్న ముఖ్యమంత్రి దస్త్రాలు చూడడం సబబు కాదన్న మాటలో న్యాయం ఉంది. కానీ ఈ బిల్లు కొలిచేది నిర్బంధాన్ని. ఎవరిని అరెస్టు చేయాలో నిర్ణయించే సంస్థలు ప్రభుత్వాల చేతుల్లోనే ఉన్నప్పుడు, బెయిలు దొరకడం నెలల తరబడి సాగే వ్యవహారమైనప్పుడు, ముప్పై రోజుల నిర్బంధం ఒక మనిషి బాధ్యతారాహిత్యానికి కొలమానం కాజాలదు. పైగా అరెస్టు కాని మంత్రికి ఈ బిల్లు చట్టమైతే ఒక కొత్త సాకు అందిస్తుంది. అరెస్టు కాలేదు గనుక తనను అడిగే హక్కు ఎవరికీ లేదని అతడు అనగలడు. చట్టం ఎంత దూరం వస్తే నైతిక బాధ్యత అంత వెనక్కి జరగడం ఈ ముప్పై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాం.

ఇందుకు మరీ స్పష్టమైన నిదర్శనం స్పీకరు పదవి. సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకరుగా ఎన్నికైనప్పుడు, ఏ నియమం లేకపోయినా, కాంగ్రెసు సభ్యత్వం వదులుకున్నారు. కర్నూలు బస్సుల కేసులో మౌనంగా ఉండిపోయిన మనిషే ఈ పని చేశారన్నది గుర్తుంచుకోదగిన సంగతి. 1985లో ఫిరాయింపుల నిషేధ చట్టంగా రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు కూడా స్పీకరుగా ఎన్నికైనవారు పార్టీని వదిలితే అది ఫిరాయింపు కాదని మినహాయింపు ఇచ్చింది. అంటే తటస్థతకు తలుపు తెరిచి ఉంచి, లోపలికి రమ్మని మాత్రం బలవంతం చేయలేదు. ఆ తలుపులోంచి వెళ్లినవారు చాలా అరుదు. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో ఒక పార్టీ టిక్కెట్టు మీద గెలిచిన శాసనసభ్యుడు మరో పార్టీ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రతిపక్షం నుంచి వచ్చిన నలుగురు మంత్రులయ్యారు. అనర్హత పిటిషన్లు స్పీకర్ల బల్లమీద శాసనసభ కాలపరిమితి తీరేదాకా ఉండిపోయాయి. చట్టంలో గడువు లేదన్నది సమాధానం. చివరికి తెలంగాణకు చెందిన పదిమంది సభ్యుల విషయంలో మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకరును ఆదేశించవలసి వచ్చింది. ఈ విషయంలో ఏ పార్టీకీ మరో పార్టీని వేలెత్తి చూపే అర్హత మిగల్లేదు. ప్రతిపక్షంలో ఉండగా ఫిరాయింపు ద్రోహం, అధికారంలోకి రాగానే అది ‘అభివృద్ధి కోసం చేరిక’.

జనానికి నేరుగా జవాబు చెప్పవలసిన బాధ్యత మాత్రం తొక్కిసలాటల వంటి ప్రమాదాల్లోనే కనిపిస్తుంది. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజున రాజమహేంద్రవరంలో పుష్కర ఘాట్ దగ్గర ఇరవై ఏడు మందికి పైగా చనిపోయారు. దానిమీద విచారణ జరిపిన జస్టిస్ సోమయాజులు సంఘం నివేదిక 2018లో శాసనసభ ముందుకు వచ్చింది. ముహూర్తం మీద జనానికున్న నమ్మకాన్ని, ప్రసార మాధ్యమాల ప్రచారాన్ని అది ప్రధాన కారణాలుగా చూపింది. భక్తులు భక్తితో వస్తారని తెలిసే కదా ఏర్పాట్లు చేసేది అన్న ప్రశ్నకు ఆ నివేదికలో జవాబు లేకపోతే, దాన్ని ఆమోదించిన ప్రభుత్వం దగ్గరైనా ఉండాలి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు భక్తులు తొక్కిసలాటలో చనిపోయినప్పుడు అధికారుల బదిలీలు, సస్పెన్షన్లు, న్యాయ విచారణ ఎప్పటిలాగే ప్రకటించారు. దానికి తోడు కొత్తగా ఒక మాట వినిపించింది. ఉపముఖ్యమంత్రి బహిరంగంగా క్షమాపణ చెప్పి, దేవస్థానం పెద్దలు కూడా చెప్పాలన్నారు. కొంత తటపటాయింపు తరువాత పాలకమండలి అధ్యక్షుడు చెప్పారు. క్షమాపణ చెబితే ప్రాణాలు తిరిగి రావన్నది నిజమే. ప్రాణాలు తిరిగి రాని చోట చెప్పేదే క్షమాపణ. ఏ బదిలీ ఉత్తర్వూ చేయలేని పని, అంటే ఇది మా చేతుల్లో జరిగిందని ఒప్పుకోవడం, అది చేస్తుంది. ఆ తరువాత ఏం మారిందో చెప్పవలసిన భారాన్ని కూడా చెప్పినవారి మీదే పెడుతుంది.

ఆ భారాన్ని కాగితం మీదికి తెచ్చే ఏర్పాటు మన చట్టాల్లో ఒకటి ఇప్పటికే ఉంది. 1952 నాటి విచారణ సంఘాల చట్టం ప్రకారం, సంఘం నివేదిక అందిన ఆరు నెలల్లోగా, దానిమీద తీసుకున్న చర్యల పత్రంతో సహా ప్రభుత్వం దాన్ని చట్టసభ ముందు పెట్టాలి. ఏ మంత్రి రాజీనామా చేశాడన్న దానికంటే ఏ నివేదిక ఎన్ని నెలలకు సభ ముందుకు వచ్చింది, చర్యల పత్రంలో ఎన్ని సిఫారసులను ఒప్పుకున్నారు, ఒప్పుకున్నవాటిలో ఎన్ని అమలయ్యాయి అన్నవే నైతిక బాధ్యతను లెక్కగట్టడానికి పనికొచ్చే అంకెలు. వాటిని సభలో అడిగేందుకు ప్రశ్నోత్తరాల గంట ఉంది, హామీల అమలును పరిశీలించే సభాసంఘాలు ఉన్నాయి. అడగవలసినవారు వాకౌట్ చేసి బయట మైకుల ముందు నిలబడితే, చెప్పవలసినవారికి పని తేలికవుతుంది. ఇక ఆ ఆరు నెలల గడువు దాటిపోతే ప్రభుత్వానికి ఏమవుతుందన్న విషయం చట్టంలో ఎక్కడా లేదు.